కుల్హడ్‌కు ఉత్తర్వులున్నాయి, పద్దుల్లో చోటు లేదు

బిలాస్‌పూర్ (ఛత్తీస్‌గఢ్): రైల్వే స్టేషన్లలో మట్టి కప్పుల్లో తేనీరు అందించాలన్న నిర్ణయం గత రెండు దశాబ్దాల్లో మూడు పర్యాయాలు ఉన్నత స్థాయిలో వెలువడింది. మూడుసార్లూ దానికి ప్రజల నుంచి ఆదరణే లభించింది. అయినా దేశంలోని అత్యధిక స్టేషన్లలో ప్రయాణికుడి చేతికి నేటికీ అందుతున్నది కాగితపు కప్పే. ఈ వైఫల్యానికి కుమ్మరుల నైపుణ్య లోపమో, ప్రయాణికుల అభిరుచిలో మార్పో కారణమని భావించడం పొరపాటు. మట్టి కప్పును ఒక సంప్రదాయ చిహ్నంగా గౌరవించిన యంత్రాంగం, దానిని నిత్యం కొనవలసిన సరుకుగా మాత్రం గుర్తించలేదు. ధర, మట్టి, వంటచెరకు, వానాకాలం అనే నాలుగు అంశాలను పరిశీలిస్తే ఈ విషయం స్పష్టమవుతుంది. ఆ పరిశీలనకు బిలాస్‌పూర్ కంటే అనువైన పట్టణం అరుదు.

రైలు తెచ్చిన పట్టణం

బిలాస్‌పూర్ నేటి రూపానికి రైలే మూలం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ నాగ్‌పూర్ నుంచి తూర్పు దిశగా వేసిన ప్రధాన మార్గం 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్‌ను చేరింది. కట్నీ వైపు వెళ్లే మార్గం కూడా ఇక్కడే చీలడంతో అర్పా నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం పెద్ద జంక్షన్‌గా మారింది. 2003లో పనిచేయడం ప్రారంభించిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ప్రధాన కేంద్రం. బిలాస్‌పూర్, రాయ్‌పూర్, నాగ్‌పూర్ డివిజన్లు ఈ జోన్ పరిధిలో ఉన్నాయి. దేశంలోని అతి పొడవైన ప్లాట్‌ఫారాల జాబితాలో బిలాస్‌పూర్ స్టేషన్ పేరు కూడా కనిపిస్తుంది.

తెలుగువారికి ఈ పట్టణం కొత్తది కాదు. వాల్తేరు నుంచి ఉత్తరంగా సాగే తీర మార్గం 20వ శతాబ్ది ఆరంభంలోనే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. దాంతో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, నాగ్‌పూర్‌ల వరకు ఒకే కంపెనీ కొలువులకు దారి ఏర్పడింది. 1931లో విజయనగరం–రాయ్‌పూర్ మార్గం పూర్తికావడంతో ఈ రాకపోకలు మరింత సుగమమయ్యాయి. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ చరిత్రకు సాక్ష్యం. తెలుగునాట గురిగి, పిడత, ముంత, మూకుడు అని వేర్వేరు పేర్లతో పిలిచే మట్టి పాత్రల కుటుంబానికే కుల్హడ్ కూడా చెందుతుంది. సారె మీద చేతితో మలిచి, నీడన ఆరబెట్టి, కట్టెలు, పిడకలు పేర్చిన ఆవంలో కాల్చే పద్ధతి రెండు ప్రాంతాల్లోనూ ఒక్కటే.

అయితే ఒక తేడా ఉంది. తెలుగునాట మట్టి పాత్ర క్రమంగా వంటింటి నుంచి పండుగకు, వేసవి కూజాకు, ఇటీవల హోటళ్లలోని కుండ బిర్యానీకి పరిమితమైంది. ఉత్తర, మధ్య భారతంలో తాగి పారవేసే మట్టి కప్పు మాత్రం వీధి అంగళ్లలో ఏదో ఒక మేరకు నిలిచింది. రైల్వే శాఖ మాటిమాటికీ దాని వైపు చూడటానికి ఇదొక కారణం.

మూడు నిర్ణయాలు, ఒకటే ముగింపు

2004 జూలైలో నాటి రైల్వే మంత్రి లాలూ ప్రసాద్ తమ తొలి బడ్జెట్‌లో స్టేషన్లలో, రైళ్లలో కుల్హడ్ల వినియోగాన్ని ప్రకటించారు. కుమ్మరులకు ఉపాధి, ప్లాస్టిక్‌కు ప్రత్యామ్నాయం అనే రెండు లక్ష్యాలు ఆ ప్రకటనలో ఉన్నాయి. ప్రారంభంలో ఉత్సాహం కనిపించినా కొన్నేళ్లలోనే కప్పులు స్టాళ్ల నుంచి కనుమరుగయ్యాయి. బరువు, పగుళ్లు, అదనపు వ్యయం, సరఫరాలో అంతరాయాలు అందుకు ప్రధాన కారణాలుగా నిలిచాయి.

2019 జనవరిలో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ ప్రతిపాదన మేరకు వారణాసి, రాయ్‌బరేలీ స్టేషన్లలో మట్టి కప్పులు, గ్లాసులు, పళ్లేలను వినియోగించాలని రైల్వే ఆదేశించింది. అదే ఏడాది కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 100 స్టేషన్లలో వీటిని తప్పనిసరి చేయాలని కోరారు. 2020 నవంబరులో రాజస్థాన్‌లోని ఢిగావఢా స్టేషన్‌లో జరిగిన కార్యక్రమంలో అప్పటి రైల్వే మంత్రి పీయూష్ గోయల్, అప్పటికే సుమారు 400 స్టేషన్లలో కుల్హడ్లు వాడుకలో ఉన్నాయని, భవిష్యత్తులో ప్రతి స్టేషన్‌కూ వాటిని విస్తరిస్తామని ప్రకటించారు.

ఈ మూడు సందర్భాల్లోనూ ఆదేశం పైనుంచే వచ్చింది. కప్పు ఎక్కడ వాడాలో అది చెప్పింది. కప్పు ఎవరు కొనాలి, ఎంతకు కొనాలి, ఏడాది పొడవునా ఎవరు నిల్వ చేయాలి, పగిలినవాటి నష్టం ఎవరు భరించాలి అనే ప్రశ్నలకు మాత్రం సమాధానం దొరకలేదు. సమాధానం లేని ప్రతి ప్రశ్న చివరకు స్టాలు నడిపే లైసెన్సుదారు మీదనో, సారె వద్ద కూర్చున్న కుమ్మరి మీదనో భారమై పడింది.

ఐదు రూపాయల లెక్క

రైల్వే క్యాటరింగ్ ధరల పట్టికలో సాధారణ తేనీటి ధర చాలా ఏళ్లుగా 5 రూపాయలే. పరిమాణం 150 మిల్లీలీటర్లు. పాలు, చక్కెర, తేయాకు, గ్యాస్, కూలీ, లైసెన్సు రుసుము, కప్పు ఖర్చు, లాభం అన్నీ ఆ ఐదు రూపాయల్లోనే ఇమడాలి. కప్పు ఖర్చు ఒక్క రూపాయి అనుకున్నా అది అమ్మకపు ధరలో ఐదో వంతు. రెండు రూపాయలైతే ఐదింట రెండు వంతులు. కాగితపు కప్పు అంతకంటే చౌకగా, పెట్టెల్లో పేర్చి, బరువు లేకుండా వస్తున్నప్పుడు లైసెన్సుదారు దేనిని ఎంచుకుంటారో చెప్పనవసరం లేదు.

బరువు సంగతి కూడా తేలికైనది కాదు. ఒక కుల్హడ్ 60 గ్రాములు తూగుతుందని అనుకుంటే, రోజుకు వెయ్యి కప్పులు అమ్మే స్టాలుకు 60 కిలోల మట్టి పాత్రలు ప్రతిరోజూ చేరాలి. అదే సంఖ్యలో కాగితపు కప్పులు కొద్ది కిలోలకు మించవు. పొడవైన ప్లాట్‌ఫారం మీద చేతి బుట్టతో తిరిగి అమ్మే వ్యక్తికి ఈ వ్యత్యాసం నేరుగా శరీర శ్రమగా మారుతుంది. రైలు రెండు నిమిషాలు ఆగే చోట ఒక చేతిలో తేనీటి పాత్ర, మరో చేతిలో మట్టి కప్పుల బుట్ట మోయడం ఆచరణలో ఎంత కష్టమో ఊహించవచ్చు.

కోల్‌కతా వీధుల్లో మట్టి కప్పు ఏ ప్రభుత్వ ఆదేశం లేకుండానే నేటికీ కొనసాగుతోంది. అక్కడ కప్పు చిన్నది. అందులో పట్టే తేనీరు తక్కువ. పెద్ద కప్పుకు వేరు ధర, చిన్న కప్పుకు వేరు ధర చెప్పే స్వేచ్ఛ దుకాణదారుకు ఉంది. కప్పు తయారీదారు కూడా నగరానికి దగ్గరలోనే ఉంటాడు. అంటే ధర, పరిమాణం, దూరం ఈ మూడూ ఒకదానికొకటి సర్దుకోగలిగాయి. రైల్వే స్టాలులో ధర, పరిమాణం రెండూ పట్టికలో స్థిరంగా ఉన్నాయి. మారగలిగింది ఒక్క కప్పు మాత్రమే. అందుకే ప్రతిసారీ మారిపోయింది కప్పే.

మట్టి పాత్రలు, దీపాలపై వస్తు సేవల పన్ను లేకపోవడం కొంత ఊరట. కాని పన్ను మినహాయింపు ఉత్పత్తి వ్యయాన్ని తగ్గించదు. ఆ వ్యయం ఎక్కడ పెరుగుతోందో తెలియాలంటే ఆవం దగ్గరకు వెళ్లాలి.

ఆవంలో జరిగేది

కుల్హడ్ తయారీ చూడటానికి సులువుగా కనిపిస్తుంది. నేర్పరి చేతిలో ఒక కప్పు రూపు దిద్దుకోవడానికి క్షణాలే పడుతుంది. కాని ఆ క్షణాలకు ముందు, తర్వాత చాలా రోజుల పని ఉంటుంది. చెరువు నుంచో, పొలం నుంచో తెచ్చిన బంకమట్టిని ఎండబెట్టి, పగలగొట్టి, నానబెట్టి, రాళ్లు, వేర్లు తీసివేసి, తొక్కి మెత్తగా చేయాలి. మలిచిన కప్పును నూలు దారంతో సారె నుంచి కోసి నెమ్మదిగా ఆరనివ్వాలి. తడి మిగిలిన కప్పును ఆవంలో పెడితే లోపలి నీరు ఆవిరై బయటకు తన్నుకొచ్చి కప్పు పగులుతుంది.

సంప్రదాయ ఆవంలో కట్టెలు, పిడకలు, గడ్డి పొరల మధ్య పచ్చి పాత్రలను పేర్చి, పైన పెంకులు, మట్టి పూతతో కప్పి నిప్పు పెడతారు. అందులో ఉష్ణోగ్రత సాధారణంగా 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మంట అన్ని వైపులా సమంగా చేరదు. అంచున ఉన్న పాత్రలు సరిగా కాలవు, మంటకు మరీ దగ్గరగా ఉన్నవి వంకర తిరుగుతాయి. సరిగా కాలని కప్పు వేడి తేనీరు పోయగానే చెమరుస్తుంది, అంచులు రాలుతాయి. కుమ్మరి లెక్కలో ఒక ఆవం అంటే అమ్ముడుపోయే పాత్రలే కాదు, విరిగినవీ, కాలనివీ కూడా. ఉదాహరణకు వెయ్యి కప్పులు మలిచి, ఆరబెట్టడంలో, కాల్చడంలో వంద, రవాణాలో మరో యాభై పోతే, 850 కప్పుల ధర వెయ్యి కప్పుల శ్రమను మోయాలి. టెండరు పత్రాల్లో ఈ నష్టానికి గడి ఉండదు.

వానాకాలం మరో పరీక్ష. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఛత్తీస్‌గఢ్‌లో గాలిలో తేమ అధికం. పాత్రలు ఆరవు, కట్టెలు తడుస్తాయి, బయట ఉన్న ఆవం వెలిగించడం కష్టం. సరిగ్గా అదే కాలంలో వేడి తేనీటికి గిరాకీ పెరుగుతుంది. శరదృతువు రాగానే కుమ్మరి చేతికి నవరాత్రి, దీపావళి పనులు వస్తాయి. బిలాస్‌పూర్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని రతన్‌పూర్ మహామాయ ఆలయంలో చైత్ర, ఆశ్వయుజ నవరాత్రుల్లో భక్తుల పేరిట వేల సంఖ్యలో జ్యోతి కలశాలు వెలిగిస్తారు. పోలా పండుగకు మట్టి ఎద్దులు, పిల్లల ఆట పాత్రలు, అక్షయ తృతీయకు మట్టి బొమ్మల జంటలు, దీపావళికి ప్రమిదలు ఛత్తీస్‌గఢ్ ఇళ్లలో తప్పనిసరి. పండుగ పాత్రకు ధర ఎక్కువ, చెల్లింపు అప్పటికప్పుడే. స్టేషన్ కప్పుకు ధర తక్కువ, బిల్లు ఆలస్యం. ఈ రెండింటి మధ్య కుమ్మరి ఎంపిక సహజంగానే పండుగ వైపు మొగ్గుతుంది. ఏడాదిలో పలు నెలలు కప్పుల సరఫరా తగ్గడాన్ని బాధ్యతారాహిత్యంగా చూడటం కంటే, ఋతువుల లెక్కను ఒప్పందంలో చేర్చకపోవడాన్ని లోపంగా చూడటం న్యాయం.

కొరత మట్టికి కాదు, హక్కుకు

రైల్వే అంతటా కుల్హడ్లు వాడితే సారవంతమైన మట్టి హరించుకుపోతుందన్న ఆందోళన తరచూ వినిపిస్తుంది. దీనిని అంకెలతో పరిశీలించడం అవసరం. దేశంలో రోజుకు సుమారు 2 కోట్ల మంది రైలు ప్రయాణం చేస్తారు. వారిలో పది మందిలో ఒకరు మట్టి కప్పులో ఒకసారి తేనీరు తాగారని అనుకుంటే 20 లక్షల కప్పులు. ఒక్కొక్కటి 60 గ్రాముల చొప్పున మొత్తం 120 టన్నులు. ఇటుక బరువు 3 కిలోలు అనుకుంటే ఇది 40,000 ఇటుకలకు సమానం. ఒక మోస్తరు ఇటుక బట్టీ ఒక్క రోజులో తయారు చేసే పరిమాణం ఇంచుమించు ఇంతే. దేశమంతటి రైలు ప్రయాణికుల కప్పులకు పట్టే మట్టి ఒక్క బట్టీకి పట్టే మట్టితో సమానమైతే, సమస్య పరిమాణానిది కాదని తేలిపోతుంది.

అయినా కుమ్మరికి మట్టి దొరకడం లేదన్నది వాస్తవం. చెరువులు పూడిపోవడం, పట్టణం అంచుల్లోని ఖాళీ భూములు ఇళ్ల స్థలాలుగా మారడం, మిగిలిన మట్టిని ట్రాక్టర్ల లెక్కన ఇటుక బట్టీలు కొనివేయడం ఇందుకు కారణాలు. ఈ పోటీలో సైకిలు మీదనో, ఎద్దుల బండి మీదనో మట్టి తెచ్చుకునే కుటుంబం నిలబడలేదు. బిలాస్‌పూర్, జాంజ్‌గీర్–చాంపా ప్రాంతాల గ్రామాల నుంచి ఏటా కూలీలు కుటుంబాలతో సహా ఇతర రాష్ట్రాల ఇటుక బట్టీలకు వలస వెళ్లడం దశాబ్దాలుగా నమోదవుతున్న విషయం. మట్టి పని తెలిసిన చేతులకు సొంత నేల మీద కంటే దూరపు బట్టీలోనే పని దొరకడం ఈ ప్రాంతపు విచిత్ర పరిస్థితి.

చట్టం మాత్రం కుమ్మరికి పూర్తిగా ప్రతికూలంగా లేదు. మట్టి పాత్రలు, దీపాలు, బొమ్మల కోసం కుమ్మరులు ఆచారం ప్రకారం చేతితో తవ్వుకునే సాధారణ మట్టికి ముందస్తు పర్యావరణ అనుమతి అవసరం లేదని 2016 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది. ఛత్తీస్‌గఢ్‌కు మధ్యప్రదేశ్ నుంచి వారసత్వంగా వచ్చిన భూ రెవెన్యూ చట్టంలో ‘నిస్తార్ పత్రక్’ అనే గ్రామ దస్త్రం ఉంది. గ్రామస్థులు ఉమ్మడి భూమి నుంచి కలప, వంటచెరకు, ఇసుక, మట్టి, రాయి వంటివి ఏ నిబంధనలపై తీసుకోవచ్చో అందులో నమోదు చేయాలి. అంటే కుమ్మరి మట్టి గుంటకు దస్త్రంలో చోటు ఇదివరకే ఉంది. ఆ గుంట ఏ సర్వే నంబరులో ఉందో, దాని హద్దులేమిటో రాసి, ఆక్రమణ నుంచి కాపాడటమే మిగిలిన పని. మినహాయింపు ఇవ్వడం ఎంత ముఖ్యమో, తవ్వుకోవడానికి భూమి చూపించడం అంతే ముఖ్యం.

బొగ్గు రాజధానిలో కట్టెల కరవు

బిలాస్‌పూర్‌కు మరో గుర్తింపు కూడా ఉంది. కోల్ ఇండియా అనుబంధ సంస్థ సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ ప్రధాన కార్యాలయం ఈ పట్టణంలోనే ఉంది. కోర్బా గనుల బొగ్గును దేశంలోని విద్యుత్ కేంద్రాలకు చేరవేసే గూడ్సు రైళ్లు నిత్యం ఈ జోన్ పట్టాల మీదనే సాగుతాయి. ఇంత ఇంధనం కదిలే చోట కుమ్మరి ఆవం మాత్రం కట్టెలు, పిడకలు, ఊక మీదనే ఆధారపడింది. అటవీ నిబంధనల వల్ల కట్టెలు సేకరించడం కష్టమైంది. ధాన్యాగారంగా పేరొందిన ఈ రాష్ట్రంలో ఒకప్పుడు ఊక సులభంగా దొరికేది. బియ్యం మిల్లుల బాయిలర్లు, ఊకతో నడిచే విద్యుత్ కేంద్రాలు వచ్చాక దానికీ ధర ఏర్పడింది.

కట్టెల మంట వల్ల వచ్చే పొగను కూడా విస్మరించకూడదు. ఇళ్ల మధ్య ఉన్న ఆవాల పొగ కుమ్మరి కుటుంబాలకే మొదట హాని చేస్తుంది. పట్టణం విస్తరించే కొద్దీ ఇరుగుపొరుగు ఫిర్యాదులు పెరిగి ఆవం ఊరి చివరకు, ఆ తర్వాత ఊరి బయటకు వెళ్లడం చాలా చోట్ల జరిగింది. దీనికి పరిష్కారం కట్టెలను నిషేధించడం కాదు. కింద పొయ్యి, పైన జల్లి అర, చుట్టూ గోడ ఉండే మెరుగైన ఆవంలో వేడి వృథా తగ్గుతుంది, పాత్రలు సమంగా కాలుతాయి, విరుగుడు తగ్గుతుంది. ఒక వాడకు ఉమ్మడిగా ఇటువంటి ఆవం, దానిపై రేకుల కప్పు ఉంటే వానాకాలంలోనూ పని సాగుతుంది. ఖర్చుతో పోలిస్తే ఇంతకంటే ప్రయోజనకరమైన పెట్టుబడి ఈ వృత్తిలో మరొకటి లేదు.

పర్యావరణ వాదనలో నిజమెంత

కుల్హడ్ వాడి పారేస్తే మళ్లీ మట్టిలో కలిసిపోతుందన్న మాట ప్రచారంలో ఉంది. శాస్త్రీయంగా ఇది సరికాదు. సుమారు 600 డిగ్రీలు దాటిన తర్వాత బంకమట్టి ఖనిజాల్లోని రసాయనిక బంధిత నీరు పోయి వాటి నిర్మాణం శాశ్వతంగా మారుతుంది. అది మళ్లీ నానే మట్టిగా మారదు. బిలాస్‌పూర్ జిల్లాలోని మల్హార్‌లో 1970లలో సాగర్ విశ్వవిద్యాలయం జరిపిన తవ్వకాల్లో శతాబ్దాల నాటి కుండ పెంకులు బయటపడటమే ఇందుకు నిదర్శనం. కాలిన మట్టి పెంకు విషపూరితం కాదు, కాని అది అదృశ్యం కూడా కాదు. స్టేషన్ పట్టాల మధ్య పేరుకుపోయే పెంకులను ఎవరో ఒకరు ఎత్తవలసిందే. విరిగిన పెంకులను పొడి చేసి కొత్త మట్టిలో కొద్ది పాళ్లలో కలపవచ్చు, తోటల్లో పరచవచ్చు, దారుల గుంతల్లో నింపవచ్చు. అందుకు ప్లాట్‌ఫారం మీద వేరుగా ఒక తొట్టి ఉండాలి.

మరోవైపు కాగితపు కప్పు కూడా పేరుకు మాత్రమే కాగితం. ద్రవం కారకుండా దాని లోపల పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. 85 నుంచి 90 డిగ్రీల వేడి ద్రవాన్ని 15 నిమిషాలు ఉంచితే, 100 మిల్లీలీటర్లలో సుమారు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు గుర్తించారు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ కప్పులు, పళ్లేలపై నిషేధం అమల్లోకి వచ్చింది. ప్లాస్టిక్ పూత గల కాగితపు కప్పులనూ నిషేధించిన తమిళనాడు నిర్ణయాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి మట్టి కప్పు నిర్దోషి అని గాక, రెండింటిలో దాని వ్యర్థం తక్కువ హానికరమైనదని చెప్పడం సముచితం. ఆ మేలుకు ఒక ధర ఉంది. ఆ ధరను ఇప్పటివరకు ఎక్కువగా భరించినది కుమ్మరే.

పారవేసే కప్పు నుంచి భోజనపు బల్ల వరకు

2019 నాటి ఆదేశంలో కప్పులతో పాటు పళ్లేలు, గ్లాసులు కూడా ఉన్నాయి. నిత్యం భోజనానికి వాడే మట్టి పాత్ర కప్పు కంటే భిన్నమైన సరుకు. తక్కువ వేడిలో కాలిన పాత్రకు సూక్ష్మ రంధ్రాలుంటాయి. అందులో నూనె, పులుసు ఇంకుతాయి, కడిగినా పూర్తిగా పోవు. కుల్హడ్ ఒకే వాడకానికి పరిమితం కావడానికి ఎంగిలి భావన ఒక కారణమైతే, ఈ రంధ్రాలు మరో కారణం. పాత్రను గట్టిపరచడానికి వేడి పెంచితే చాలదు. ఇనుము అధికంగా ఉండే సాధారణ ఎర్ర మట్టి, ఉష్ణోగ్రత బాగా పెరిగితే ఉబ్బి వంగిపోతుంది. అందువల్ల మట్టి మిశ్రమం మార్చాలి, లేదా గాజు పూత వేయాలి. పూతలో సీసం ఉంటే అది ఆహారంలోకి దిగే ప్రమాదం ఉంది కనుక సీసం లేని పూతలు, వాటికి పరీక్షలు తప్పనిసరి.

జపాన్‌లోని బిజెన్ పట్టణంలో పూత లేకుండానే ఎర్ర పైన్ కట్టెలతో రెండు వారాల వరకు 1,200 డిగ్రీలకు పైబడి కాల్చే పాత్రలు భోజనపు బల్లల మీద గౌరవస్థానం పొందుతాయి. మంట పాత్రపై వదిలిన మచ్చలే వాటి విలువకు కారణం. ఇక్కడ కట్టెల మంటను వెనుకబాటుగా, అక్కడ ప్రత్యేకతగా చూడటంలో నైపుణ్యం కంటే మార్కెట్ పాత్రే ఎక్కువ. అయితే బిజెన్ పాత్రల కొనుగోలుదారుకూ ఐదు రూపాయల తేనీటి కొనుగోలుదారుకూ పోలిక లేదు. కుమ్మరికి రెండు మార్కెట్లూ అవసరమే. కప్పు నిత్య ఆదాయాన్ని, భోజన పాత్ర అధిక ఆదాయాన్ని ఇవ్వగలవు.

సాధనాల విషయంలో కొంత కదలిక వచ్చింది. ఖాదీ కమిషన్ 2018లో ప్రారంభించిన కుమ్మరి సశక్తీకరణ పథకం విద్యుత్ సారెలు, మట్టి కలిపే యంత్రాలు, శిక్షణ అందిస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లో మాటీకళా బోర్డు ఇదే రంగంలో పనిచేస్తోంది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు ప్రోత్సాహకం, 5 శాతం వడ్డీతో తొలి విడత లక్ష, మలి విడత 2 లక్షల రూపాయల రుణం ఇందులో లభిస్తాయి. చాలా ప్రాంతాల్లో ఆచారం మహిళలను సారెకు దూరంగా ఉంచి, మట్టి తొక్కడం, ఆరబెట్టడం, రంగులు వేయడం వంటి లెక్కలోకి రాని పనులకు పరిమితం చేసింది. బరువైన సారెను కర్రతో తిప్పే అవసరం లేకపోవడంతో ఆ హద్దు కొంత సడలింది.

అయితే ఈ పథకాలన్నీ తయారీ వైపున్నవే. సారె వేగం పెరిగితే కప్పుల సంఖ్య పెరుగుతుంది. కొనుగోలు పెరగకపోతే ఆ కప్పులు ఇంటి ముంగిట పేరుకుపోతాయి. అప్పు చేసి తెచ్చుకున్న యంత్రం వాయిదా మాత్రం ఆగదు.

జోన్ పరిధిలో సాధ్యమైనవి

బిలాస్‌పూర్ ఒక రైల్వే జోన్ కేంద్రం కావడం ఇక్కడ కీలకమవుతుంది. ఢిల్లీ నుంచి మరో ప్రకటన రానవసరం లేకుండా ఈ స్థాయిలో ఆలోచించదగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది ధర. మట్టి కప్పులో తేనీటికి పట్టికలో వేరు వరుస ఉండాలి. కప్పు వ్యయం తేనీటి ధరలో దాగి ఉన్నంత కాలం అది లైసెన్సుదారుకు నష్టంగానే కనిపిస్తుంది. వేరుగా చూపితే ప్రయాణికుడు తెలిసి ఎంచుకుంటాడు. పట్టిక రూపకల్పన రైల్వే బోర్డు చేతిలో ఉన్నా, కొద్ది స్టేషన్లలో ప్రయోగం కోసం జోన్ ప్రతిపాదించవచ్చు.

రెండవది ఒప్పందం. విడివిడి కుటుంబాలతో కాక సహకార సంఘంతో ఏడాది ఒప్పందం, నెలవారీ కనీస కొనుగోలు, నిర్ణీత గడువులో చెల్లింపు, విరుగుడుకు ముందుగానే అంగీకరించిన శాతం అందులో ఉండాలి. పెద్ద కాంట్రాక్టరు ద్వారా వచ్చే కప్పు ధరలో కుమ్మరికి దక్కే వాటా తగ్గిపోతుందన్నది చేనేత సహా అనేక చేతివృత్తుల అనుభవం.

మూడవది నిల్వ. ఏప్రిల్, మే నెలల్లో కాల్చిన కప్పులను వానాకాలానికి భద్రపరచే పొడి గది స్టేషన్ ఆవరణలో ఒకటి కేటాయిస్తే సరఫరా అంతరాయం చాలా వరకు తగ్గుతుంది. 2022 మార్చి 25న ప్రయోగాత్మకంగా మొదలైన ‘ఒక స్టేషన్–ఒక ఉత్పత్తి’ పథకం స్థానిక వస్తువుల అమ్మకానికి స్టేషన్లలో చోటు కల్పించింది. అమ్మకానికి చోటు ఇచ్చిన వ్యవస్థ నిల్వకూ చోటు ఇవ్వగలదు.

నాలుగవది పరిధి. ప్రతి స్టేషన్, ప్రతి రైలు అనే లక్ష్యం వినడానికి ఘనంగా ఉన్నా సరఫరాను విచ్ఛిన్నం చేస్తుంది. కుమ్మరి వాడలు దగ్గరలో ఉన్న, రైళ్లు ఎక్కువసేపు ఆగే కొద్ది స్టేషన్లలో స్థిర స్టాళ్ల వద్ద ఏడాది పొడవునా కప్పు దొరకడం, నాలుగు వందల స్టేషన్లలో మూడు నెలలు దొరకడం కంటే మేలు. కదిలే రైలులో మట్టి కప్పుల వాడకాన్ని తర్వాతి దశకు వదిలివేయడమే వివేకం.

ఈ నాలుగింటిలో ఏదీ భారీ వ్యయంతో కూడుకున్నది కాదు. వీటికి కావలసింది రైల్వే వాణిజ్య విభాగం, జిల్లా రెవెన్యూ యంత్రాంగం, మాటీకళా బోర్డు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం. మట్టి గుంట రెవెన్యూ చేతిలో, ఆవం బోర్డు చేతిలో, కొనుగోలు రైల్వే చేతిలో ఉన్నాయి. ఈ మూడూ కలవకపోతే ఏ ఒక్కటీ ఫలితమివ్వదు.

సారె తిప్పే కుటుంబాల్లో తర్వాతి తరం ఈ పనిని చేపడుతుందా లేదా అన్నది అసలు ప్రశ్న. బంకమట్టిలో తేమను చేతి స్పర్శతో, ఆవంలో వేడిని మంట రంగుతో గుర్తించే విద్య పుస్తకాల నుంచి రాదు. అది ఒక తరం పక్కన మరో తరం కూర్చుని నేర్చుకునేది. మధ్యలో ఒక తరం ఇటుక బట్టీకో, నగర కూలీకో వెళ్లిపోతే ఆ గొలుసు తెగిపోతుంది. ఆ తర్వాత వెలువడే నాలుగో ఉత్తర్వుకు కప్పులు అందించడానికి స్టేషన్ చుట్టుపక్కల చేతులు ఉండవు. కుల్హడ్‌కు ఇప్పుడు కావలసింది మరో ప్రారంభోత్సవం కన్నా, ప్రతి నెలా నిర్ణీత తేదీన చెల్లింపు జరిగే ఒక సాధారణ కొనుగోలు పద్దు.